అజ్మీరు మైళ్లు

ప్రొద్దుటూరులో పరుపులు కుట్టి అమ్మే దస్తగిరికి ఒక పంతం ఉండేది. తల్లి ఫకీరమ్మను అజ్మీరు దర్గాకు తీసుకుపోవాలి, అదీ విమానంలోనే. దానికోసం దుకాణానికి కావలసిన ఫోమూ దూదీ అంతా ఒకే క్రెడిట్ కార్డు మీద కొనేవాడు. ఆ కార్డు ఖర్చు పెట్టినకొద్దీ విమానం మైళ్లు జమచేస్తుంది. మైళ్లు నిండితే టికెట్టు ఊరికే వస్తుంది.

నిండబోయే సమయానికి కంపెనీవాళ్లు టికెట్టుకు కావలసిన మైళ్లు పెంచేశారు. ఈలోగా ఫకీరమ్మ చూపు మందగిస్తూ వచ్చింది. వచ్చే ఏటికి వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియకపోవచ్చని, దీనికి మందు లేదని కంటి డాక్టరు చెప్పేశాడు.

అదే నెలలో బ్యాంకువాళ్లు దస్తగిరికి మరో రెండు కార్డులు అంటగట్టారు. ఒకటి ఖర్చులో కొంత రూపాయల్లోనే వెనక్కి ఇస్తుంది. రెండోది పాయింట్లు ఇస్తుంది. పాయింట్లు పెట్టి వాళ్ల దగ్గరున్న కుక్కరో, గడియారమో, ఏదో ఒకటి తీసుకోవచ్చు.

దస్తగిరి మూడు కార్డులూ పట్టుకుని తన గురువు హుసేనయ్య స్వామి దగ్గరికి పోయాడు. రంజాన్ నెల, సాయంత్రం వేళ. కార్డులు చాప మీద పరిచి, దేని సంగతేమిటో వివరంగా చెప్పాడు.

"మూడింట్లో ఏది మేలు స్వామీ? ఇన్నాళ్లూ కూడబెట్టిన మైళ్లు వదిలేదానికి మనసొప్పదు. ఇంకో లారీ ఫోము దించుకుంటే నిండిపోతాయి."

"దించుకునేదానికి చోటుందా?"

లేదని ఒప్పుకున్నాడు దస్తగిరి.

"సరేలే. ఒక్కపొద్దు విడిచే వేళయింది, కూర్చో."

పక్కనే పీరయ్య, మౌలాలి అనే ఇద్దరు శిష్యులు కూర్చుని ఉన్నారు. స్వామి పీరయ్య అరచేతిలో ఖర్జూరాలు పెట్టాడు. మౌలాలికి ఒక చెక్క బిళ్ల ఇచ్చి, వంటింట్లో చూపించి నచ్చింది తెచ్చుకోమన్నాడు. దస్తగిరి ముందు ఖాళీ పళ్లెం పెట్టాడు.

"నీకు బిర్యానీ అప్పా. ఇంత పెద్ద గిన్నె, దేగిసా దేగిసా నీదే. కాకపోతే అది కడపలో ఉంది, అక్కడికి పోయి తినాల."

పీరయ్య నవ్వాపుకోలేకపోయాడు. నడిచిపోతే తెల్లారగట్ల తినే సెహ్రీకన్నా అందుకుంటావులే అని ఎగతాళి చేశాడు.

అజాన్ వినిపించింది. పీరయ్య ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. మౌలాలి వంటింట్లోంచి సగం గిన్నె గంజితో తిరిగొచ్చాడు. నిన్న ఇదే బిళ్లకు నిండు గిన్నె ఇచ్చారట, ఇవాళ రేటు మారిందట. గొణుక్కుంటూనే తాగేశాడు.

దస్తగిరి నాలుక పిడచకట్టుకుపోయింది. గురువు పెట్టందే ముట్టకూడదని ఖాళీ పళ్లెం ముందు అట్లాగే బిగుసుకుని కూర్చున్నాడు.

"అయితే పీరయ్యకు ఇచ్చిందే మేలంటారా?" అని అడిగాడు చివరికి.

"నీ కాపురం కడపలో అయితే నీదే మేలు. వంట చేసేది నీ పెండ్లామైతే మౌలాలిది మేలు."

స్వామి నీళ్ల చెంబు దస్తగిరి వైపు జరిపాడు.

"పొద్దు గుంకింది గదా. ఇంకా ఎవరికోసం ఈ పస్తు?"

దస్తగిరి చెంబెత్తి గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేశాడు. అమ్మ బట్టలు సర్దమని, రేపే అజ్మీరుకు రైలెక్కుతున్నామని భార్యకు చెప్పాడు. మరి ఆ మైళ్లన్నీ ఏమైపోతాయని ఆమె గట్టిగానే అడిగింది.

"అమ్మకు కిటికీ పక్కన సీటు అడుగుతా," అన్నాడు దస్తగిరి. "చూడాల్సింది దారిపొడుగునా ఉంది."