ఇడ్లీ రేకుల్లో వాల్వులు

తునిలో భీమశంకరం గారిని ప్రశ్న అడగదలుచుకున్నవాళ్ళు ముందు చొక్కా చేతులు మడుచుకుని వెళ్ళాలి. ఆయన హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రాలు తన వరండాలో పదిమందిని కూర్చోబెట్టుకుని గీత చెబుతారు. పాఠం చక్కగా చెబుతారు గానీ ఎవరైనా సందేహం అడిగితే మాత్రం సమాధానం చెప్పరు, పని చెబుతారు. మాయ అంటే ఏమిటని అడిగిన పోస్టుమాస్టరు ఒక మధ్యాహ్నమంతా ఆ డాబా మీద గొడుగు వేసుకుని వడియాలకు కాకుల కాపలా కాశాడు. కర్మ సంగతి అడిగిన ప్లీడరు గారు బావిలో పడ్డ చేద తీశారు. వాళ్ళకు తెలియవలసింది తెలిసిందో లేదో గానీ, ఆ తరవాత ఆ వరండాలో సందేహాలు బాగా తగ్గిపోయాయి.

అలాంటి ఇంటికి రేషన్ డీలరు గవర్రాజు ఒక గురువారం పొద్దున్నే, పాఠం వేళ కూడా కాని వేళ, ప్రశ్న పట్టుకుని వచ్చాడు. వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. వరండాలో కాలు పెట్టడానికి చోటు లేదు. గోనెపట్టాల మీద మసి పట్టిన ఇనపముక్కలు, బేసిన్లలో కిరసనాయిలు, అందులో నానుతున్న బోల్టులు. బట్టలు ఆరేసే తీగ మీద, రెండు చీరల మధ్య, వెండి రంగు కొత్తగా పూసిన ఇంజను మూత ఒకటి వేలాడుతోంది. మామగారి హయాంలో కొన్న నల్లకారు దగ్గుతోందని, మెకానిక్కుకి ఇస్తే లోపల ఏముందో తాను చూడలేనని, గురువుగారు ఇంజను విప్పి ఇంట్లోనే శుభ్రం చేసుకుంటున్నారు.

"చూశావా గవర్రాజూ, నా నేతచీరకి మీ గురువుగారు వెండి జరీ వేశారు" అంది ఆయన భార్య సుభద్రమ్మ గారు, తీగ మీద చీర అంచు ఎత్తి చూపిస్తూ. "నిన్న పప్పులో ఇంగువ వేస్తే కిరసనాయిలు వాసనకి ఇంగువే సిగ్గుపడిపోయింది."

గవర్రాజు నవ్వబోయి నవ్వలేకపోయాడు. అతని బాధ అతనిది. ఊళ్ళో తూకానికి అతనే సాక్షి అంటారు. ఎమ్మార్వో చుట్టమైనా, ఏ దిక్కూ లేని ముసలమ్మైనా అతని కాటా ముందు ఒకటే. ఇంట్లోనూ అదే పద్ధతి. సత్యవేణి, లోవకుమారి ఇద్దరు కూతుళ్ళు. చిన్నప్పుడు ఎవరికీ తక్కువ చేశానన్న మాట రాకూడదని ఇద్దరికీ ఒకే సైజు చెప్పులు కొనేవాడు. పెద్దదానికి బొబ్బలెక్కేవి, చిన్నదానికి నడుస్తూంటే జారిపోయేవి. ఇద్దరూ సమానంగా ఏడిచేవారు గనక తండ్రి మనసు తృప్తిగా ఉండేది. మొన్న లోవ కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో షుగరు కనిపించి, డాక్టరు తీపి ముట్టుకోవద్దన్నాడు. గవర్రాజుకి ఆ సంగతి తెలుసు. తెలిసీ, పెద్దదానికి ఇదే నెలలో సున్నుండలు పంపాను కదా అని, అదే డబ్బాడు లోవకీ పంపాడు. డబ్బా మూత తియ్యకుండా తిరిగొచ్చింది. దానితోపాటు లోవ అన్న మాట ఒకటి, వాళ్ళ అమ్మ నోట, గవర్రాజు దాకా వచ్చింది: "నాన్నకి ఇద్దరు కూతుళ్ళున్నారని గుర్తుంది. నేనెవరో గుర్తులేదు."

ఆ రోజు నుంచీ లోవ తండ్రితో మాట్లాడడం మానేసింది. ఫోను చేస్తే తియ్యదు. పురుడు పోసుకుంది, మగపిల్లాడు. ఆ ముక్క కూడా భార్య చెబితేనే తెలిసింది.

"అందర్నీ సమంగా చూడమని మీరే చెప్పారు గురువుగారూ" అన్నాడు గవర్రాజు, గుమ్మంలో నిలబడే. "చూశాను. చూసి ఏం పాపం చేశానని నా కూతురు నా మొహం చూడదు? ఆదివారం జగ్గంపేటలో దాని అత్తారింట్లో బారసాల. నేను వెళితే అది లోపలికి పోయి తలుపేసుకుంటుందేమో! మనవడి మొహం చూడకుండా తిరిగొచ్చానంటే ఇంక ఆ గడప తొక్కలేనండి. మీరు పక్కనుంటే నలుగురిలో మొహం తిప్పుకోదు. కాస్త రండి."

భీమశంకరం గారు చేతిలోని బోల్టు తుడిచి పక్కన పెట్టారు. "తప్పకుండా వస్తాను. మన కారులోనే వెళదాం."

గవర్రాజు వీధిలో ఉన్న కారు వంక చూశాడు. దాని ముందు భాగం పళ్ళూడిన నోరులా తెరుచుకుని ఉంది. తరవాత వరండాలో ఉన్న తక్కిన కారుని చూశాడు. "ఆదివారానికా అండీ?"

"కూర్చుంటే అవుతుంది" అన్నారు గురువుగారు, పీట జరుపుతూ.

పీట ముందు రెండు ఇడ్లీ రేకులున్నాయి. రేకుకి నాలుగేసి గుంటలు. ఒక్కో గుంటలో తలకిందులుగా పెట్టిన పుట్టగొడుగులా, కాడ పైకి నిలబెట్టుకుని, ఒక్కో వాల్వు కూర్చుంది. ఇంజనులోకి గాలి పోవడానికీ పొగ బయటికి రావడానికీ ఉండే కన్నాలకు ఇవే మూతలు. నాలుగు పెద్దవి, నాలుగు చిన్నవి. "ఒక్కొక్కటే తియ్యి. మసి గోకు, కిరసనాయిల్లో కడుగు, ఎమిరీ కాగితంతో మెరుగుపెట్టు. ఏ గుంటలోది ఆ గుంటలోనే పెట్టు" అని చెప్పి ఆయన జపానికి లేచి వెళ్ళారు.

గవర్రాజు మంచి పనివాడు. ఒక్కొక్కదాన్నీ పూజసామాను తోమినట్టు తోమాడు. ఎనిమిదీ తళతళలాడుతూ రేకుల్లో నిలబడ్డాక తనకే ముచ్చటేసింది. అంతలో వంటింట్లోంచి సుభద్రమ్మ గారు పిండిగిన్నెతో వచ్చి, రేకులను చూసి, గిన్నె పట్టుకునే కొయ్యబారిపోయింది.

"ఇవి నా ఇడ్లీ రేకులు కావూ? పొద్దుట్నుంచీ ఇల్లంతా వెతుకుతున్నాను. పిండి పొంగి గిన్నె దాటుతోంది!"

"అయ్యో, తీసుకోండమ్మా" అని గవర్రాజు క్షణం ఆలస్యం చెయ్యలేదు. వాల్వులన్నీ గోనెపట్టా మీద ఒంపాడు. ఆవిడ రేకులు తోముకుంటూంటే, తను పెద్దవాటినొక వరస, చిన్నవాటినొక వరస పేర్చాడు. వంగి ఒక కన్ను మూసి చూశాడు. అంగుళంలో ఆవగింజంత తేడా లేదు. తన కొట్లో కూడా ఇంత చక్కటి వరస ఎప్పుడూ కుదరలేదు.

గురువుగారు వచ్చి వరసలను చూశారు. "వీటిలో మొదటి గుంటలోది ఏది?"

"ఏదైతేనేమండీ? పక్కపక్కన పెట్టి చూశాను. అన్నీ ఒకటే."

"అలాగా" అన్నారు ఆయన, ఏమాత్రం కోపం లేకుండా. "అయితే పెట్టేద్దాం పట్టు."

ఇంజను హెడ్డుని, అంటే వాల్వులు కూర్చునే పైదిమ్మెని, బల్ల మీద తలకిందులుగా పెట్టి, గుంటకి రెండేసి చొప్పున వాల్వులను కన్నాల్లో దింపి, పైనున్న పళ్ళేల్లాంటి నాలుగు గుంటల్లో ఆయన కిరసనాయిలు పోశారు. కన్నం సరిగ్గా మూసుకుంటే కిరసనాయిలు కొలనులా నిలబడాలి. ఒక గుంటలో నిలబడింది. తక్కిన మూడింట్లోంచీ జారి, బల్ల మీదినుంచి ధారకట్టి, సుభద్రమ్మ గారు గుమ్మం ముందు వేసుకున్న ముగ్గులోకి నడిచింది.

విషయం ఏమిటంటే, కొత్తగా వచ్చిన నాడు వాల్వులన్నీ ఒకటే. ఏళ్ళ తరబడి ఒక్కోటి తన గూటి మీద లక్షలసార్లు వాలి, లేచి, ఒక్కోచోట అరుగుతుంది. చివరికి ఆ గూటికి తప్ప ఇంకోదానికి అతకని ఆకారానికొస్తుంది. ఆ తేడా కంటికి ఆనదు. కిరసనాయిలుకి మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. ఒకసారి కలిసిపోయాక ఇంక చేసేది ఒకటే: ఒక్కో వాల్వు అంచుకీ గరుకు పేస్టు రాసి, రబ్బరుమూతి ఉన్న కర్ర అంటించి, రెండు అరచేతుల మధ్యా కవ్వంలా తిప్పుతూ, కొత్త గూటికి కొత్తగా నూరి అతికించాలి.

టిఫిను వేళకి ఇడ్లీలొచ్చాయి. ఎంత తోమినా రేకులకి పట్టిన వాసన పోలేదు. గురువుగారు రెండు తిని, మూడోదాన్ని చట్నీలో ముంచి, కాసేపు దానివంక చూసి, చెయ్యి కడుక్కున్నారు. గవర్రాజు తన తప్పు తనే తిన్నట్టు ప్లేటు ఖాళీ చేశాడు.

శుక్రవారమంతా అతను వాల్వులు నూరాడు. నూరడంలోనూ తన న్యాయం వదల్లేదు. దేనికీ ఎక్కువ తక్కువలు రాకుండా తలో నూరు తిప్పులు తిప్పి, సాయంత్రం కిరసనాయిలు పోశాడు. రెండు గుంటలు నిలబడ్డాయి, రెండు కారాయి. మళ్ళీ అన్నింటికీ తలో నూరు తిప్పబోతూంటే సుభద్రమ్మ గారు చూసింది.

"ఇదెక్కడి చోద్యమయ్యా! కుదిరిన వాటినీ మళ్ళీ నూరతావేం?"

"మరి వాటికి తక్కువైపోదుటండీ?"

"నీ కాటా తగలెయ్య! దోసె దోసెకీ గడియారం చూస్తారా ఎవరైనా? ఏది కాలిందో దాన్ని తియ్యి. కాలనిదాన్ని ఉంచు."

గురువుగారు లోపల ఏదో చదువుకుంటూ దగ్గారు. నవ్వో దగ్గో గవర్రాజుకి తెలియలేదు. లెక్కపెట్టడం మాత్రం మానేశాడు. లెక్క లేకపోయేసరికి వాల్వుల వంక చూడక తప్పలేదు. చూస్తూంటే ఒక్కోదాని తీరూ బయటపడసాగింది. ఒకటి పేస్టు కాస్త ఎక్కువైతే గీసుకుపోతుంది. ఒకటి ఎడమవైపు తిప్పినప్పుడే కుదురుగా ఉంటుంది. ఒక పెద్దది నాలుగు తిప్పులకే అంచు చుట్టూ చక్కటి బూడిదరంగు ఉంగరం వేసుకుని కూర్చుంది. శనివారం పదిగంటలకల్లా ఏడు కుదిరిపోయాయి. మిగిలింది ఒక్కటే చిన్నది. ఎంత నూరినా ఒకవైపు నుంచి బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. గవర్రాజు దాన్ని తీసి వెలుతుర్లో తిప్పి చూశాడు, తుడిచాడు, మళ్ళీ దింపాడు. మళ్ళీ కారింది. అతను మోకాళ్ళ మీద వంగి, చెంప బల్లకానించి, దాని అంచులోకి చూస్తూ బతిమాలాడు: "నీకేం కావాలే తల్లీ? చెప్పి చావవే."

బియ్యంలో రాళ్ళేరుతున్న సుభద్రమ్మ గారి చెయ్యి ఆగింది. "ఇనపముక్కేం చెబుతుంది నాయనా" అంది. "నోరున్నవాళ్ళని అడగరాదూ?" అని చేటలో ఉన్న తన ఫోను అతని వైపు జరిపింది.

గవర్రాజు మసి చేతులతోనే ఫోను తీసుకుని లోవ నంబరు నొక్కాడు. తన ఫోనయితే లోవ తియ్యదు. ఇది సుభద్రమ్మ గారిది గనక తీసింది. అవతల పసివాడి ఏడుపు, ఏడుపు మీదుగా లోవ గొంతు: "ఎవరండీ?"

"నీకేం కావాలమ్మా?" అన్నాడు. ఇందాకటి నుంచీ నోటికి పట్టిన మాట అదొక్కటే.

"ఎవరు మాట్లాడేది?"

"మీ నాన్ననే."

"మా నాన్న అలా అడగడండీ. ఏం పంపుతున్నాడో చెబుతాడు."

గవర్రాజు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "ఇప్పుడు అడుగుతున్నానే లోవా. రేపు నీకేం తేవాలి?"

ఈసారి లోవ గొంతు మెత్తగా వచ్చింది. "ఏమీ వద్దు నాన్నా. వీడు రాత్రంతా నిద్రపోనివ్వడం లేదు. ఎవరు ఎత్తుకున్నా ఊరుకోడు. రేపు కాదు, ఇవాళే రా. ఈ రాత్రికి వీణ్ణి నువ్వెత్తుకో. నేను ఒక్క రాత్రి పడుకుంటాను."

"అలాగే, అలాగే. మరి అక్కకి కూడా ఒక రాత్రి..."

"నాన్నా! అక్క పిల్లలకి బళ్ళో వేసే వయసొచ్చింది!"

"ఆయ్, నిజమే, నిజమే" అని గవర్రాజు ఫోనుకే తల ఊపాడు.

అతను లేచి భుజం మీది తువ్వాలు దులుపుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఎదురుగా బల్ల మీద తలకిందులుగా ఉన్న హెడ్డు, అందులో బొట్టు బొట్టుగా కారుతున్న చిన్న వాల్వు. గురువుగారు ఎప్పుడు వచ్చారో ఏమో, గవర్రాజు పీట మీదే కూర్చుని, కర్ర అందుకుని తిప్పడం మొదలుపెట్టారు.

"గురువుగారూ, నేను పదకొండు గంటల బస్సుకి పోవాలండి. పని సగంలో వదిలేస్తున్నాను. మీరు కూడా..."

"నాకోసం ఆగకు. ఇది ఒప్పుకుంటే రేపు కారులో వస్తాను, లేకపోతే బస్సులో వస్తాను."

గవర్రాజు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. రేషన్ డీలరుకి బాకీ ఉంచుకోవడం గానీ ఉండనివ్వడం గానీ అలవాటు లేదు. "ఇంతకీ నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదండీ."

భీమశంకరం గారు తల ఎత్తలేదు. అరచేతుల మధ్య కర్ర అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"పిల్లవాణ్ణి ఎత్తుకునే ముందు చేతులు కడుక్కో" అన్నారు. "కిరసనాయిలు సబ్బుతో పోతుంది. తక్కినది పోదులే."