గంటన్నర దారి

ఎండలు ముదరకముందే కాఠ్మండూ పొలిమేరలోని చిత్తడి నేలల్లో ఒక బాతుల గుంపు దిగింది. తలమీద రెండు నల్ల చారలుండే అడవి బాతులవి. చలికాలమంతా పులికాట్ సరస్సులో గడిపి, గుడ్లు పెట్టడానికి హిమాలయాల అవతల లాసా దగ్గరి సరస్సుకి పోతున్నాయి. కొండలు దాటే ముందు ఇక్కడ ఆగి ఒళ్లు చేసేదాకా మేయాలన్నది వాటి కట్టుబాటు. గుంపుకి పెద్దయిన ముసలి పెద్దమ్మ ఒక్కొక్కరి రొమ్మునీ ముక్కుతో నొక్కి చూసేది. కండ తగిలితేనే ప్రయాణం, ఎముక తగిలితే లేదు.

ఆ ఏడు తరళ అనే ఆడబాతుకి ఎముక తగిలింది. దారిలో జబ్బుపడి లేచింది పాపం. ఇంకొన్నాళ్లు మేసి రమ్మంది పెద్దమ్మ. తరళ మొగుడు శీఘ్రగామికి ఒళ్లు మండింది. ఆలస్యమైతే సరస్సు గట్టున మంచి చోట్లన్నీ ముందొచ్చినవాళ్లు కాజేస్తారని, తమ గుడ్లు ఎక్కడ పెట్టుకోవాలని రోజంతా సణిగాడు.

ఆ సణుగుడు ఎండుచెట్టు మీది రాబందు చెవిన పడింది. అతగాడి కాపురం కొండకనుమలో. మెల్లగా కిందికి దిగి ఎంతో ఆప్యాయంగా కుశలమడిగాడు.

"మామా, నువ్వు లోకం చూసినవాడివి. ఇక్కణ్ణుంచి లాసా ఎంత దూరం?" అన్నాడు శీఘ్రగామి.

"ఆరువందల కిలోమీటర్లకి అటూ ఇటూ అల్లుడూ. ఇక్కడ లేచిన విమానం గంటన్నరలో అక్కడ వాలుతుంది."

"మధ్యలో ఎక్కడా ఆగదా?"

"ఆగదు. మేయదు కూడా."

ఇంకేముంది, శీఘ్రగామి నేరుగా పెద్దమ్మ మీదికి వెళ్లాడు. విమానం గంటన్నరలో పోయే దారికి ఇన్నాళ్ల మేత ఏమిటని, లేనిపోని భయాలు పెట్టి అందరినీ ఈ బురదలో కట్టేసిందని దులిపేశాడు.

"అది నిప్పు తాగి ఎగురుతుందిరా. నీ పెళ్లాం తన ఒంట్లో ఉన్నది తిని ఎగరాలి. ఆ ఒంట్లో ఏముందని?" అంది పెద్దమ్మ.

వాడు వినలేదు. గంటన్నర ఓర్చుకోలేవా అని తరళనే నిలదీశాడు. తరళకి భయంగానే ఉంది. కానీ తనవల్లే ఆలస్యమవుతోందన్న సిగ్గు ఆ భయాన్ని మింగేసింది.

తెల్లవారగానే ఇద్దరూ ఎగిరారు. గంటన్నరకి కొండల మొదలు మాత్రం వచ్చింది. విమానం వాళ్ల నెత్తిమీదుగా పోయి కనుమరుగైంది. తర్వాత ఎదురుగాలి మొదలైంది. తరళ కొంచెం కొంచెంగా కిందికి జారసాగింది. ఇంకెంత దూరమని ఒకే ఒక్కసారి అడిగింది. కనుమ దగ్గర మంచుమీద కూలిన తరళ మళ్లీ లేవలేదు.

శీఘ్రగామి పక్కన వాలి తన రెక్క కప్పాడు. తలెత్తి చూస్తే, ఎదురుగా రాతిమీద రాబందు అప్పటికే కూర్చుని ఉన్నాడు.

"అబద్ధం చెప్పి చంపావు కదా మామా."

"ఏ మాట అబద్ధం అల్లుడూ? నువ్వు దూరం అడిగావు, చెప్పాను. విమానం ఆగదా అన్నావు, ఆగదన్నాను. నీ పెళ్లాం సంగతి మాత్రం నువ్వు అడగలేదు." రాబందు రెక్కలు సర్దుకున్నాడు. "పొద్దు వాలుతోంది, ఇక కదులు. ఉంటానంటావా, నాకేం అభ్యంతరం లేదు."

తరళ ఒళ్లు చల్లబడేదాకా శీఘ్రగామి కదల్లేదు. ఆ తర్వాత ఏడుస్తూనే లేచాడు. కాస్త పైకి వెళ్లాడో లేదో, కింద రాబందు మంచుమీదికి దిగిన చప్పుడు వినిపించింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం వాడికి లేకపోయింది.

నీతి: ఇంకొకరి వేగంతో మన దూరాన్ని కొలిస్తే, తగ్గిన దాన్ని మనవాళ్ల ప్రాణాలతో పూడ్చాల్సి వస్తుంది.