నాలుగు రేకులవాడికి పేరు పెట్టిన రొయ్య

అనగనగా ఒక అడవి. అడవంటే పులులూ ఏనుగులూ తిరిగే అడవి కాదర్రా. నీళ్ళలోకి వేళ్ళు దించుకుని చెట్లు నిలబడే మడ అడవి. దాని మధ్యలో ఒక ఉప్పుటేరు. పోటొస్తే సముద్రం లోపలికొచ్చేది, ఆటొస్తే బయటికి పోయేది. ఆ ఏట్లో చేపలూ పీతలూ రొయ్యలూ మనకంటే ఎక్కువే మాట్లాడుకునేవి.

అక్కడ మీసాలమ్మ అనే రొయ్య ఉండేది. గోరంత ఒళ్ళు, ఒంటికి రెట్టింపు మీసాలు. దాని పని ఏమిటో తెలుసా? ఏట్లో కొత్త ప్రాణి ఏది కనబడినా పరీక్షగా చూసి, సభలో వర్ణించి, పేరు పెట్టడం. వాళ్ళమ్మ పనీ అదే, అమ్మమ్మ పనీ అదే.

పేరు పెట్టడమంటే నోటికొచ్చింది అనేయడం కాదు. దానికొక కట్టుబాటు ఉంది. ఆ ప్రాణి ఎలా ఉంటుందో చెప్పాలి. ఎక్కడ కాపురం ఉంటుందో చెప్పాలి. దాని పోలికలున్న వాళ్ళకీ దానికీ తేడా ఏమిటో చెప్పాలి. ఆ మూడు మాటలూ అయ్యాక, ఎవరైనా వచ్చి సరిచూసుకునేలా ఆ ప్రాణిని సభ మధ్యలో పెట్టాలి. అలా పడిన పేరును దొర కూడా మార్చడానికి వీల్లేదు.

ఆ ఏటికి దొర పండుగప్ప అనే పెద్ద చేప. గుమ్మడికాయంత తల, గుహంత నోరు. దొరకి చాలా రోజులుగా ఒక ఇసుక మేట మీద కన్నుంది. ఆ మేట మీద కాపురం ఉండేది చాపమ్మ అనే టేకు చేప. చాపలా పలచని ఒళ్ళు, కొరడాలాంటి తోక, తోక మీద ఒక ముల్లు. చూస్తే భయం వేస్తుంది గానీ, ఎవరి జోలికీ పోయేది కాదు. బురదలో గుల్లలు ఏరుకుని తినడం, ఇసుక కప్పుకుని పడుకోవడం, అంతే. అప్పుడు చాపమ్మ కడుపుతో ఉంది. ఆ మేట మీదే పిల్లల్ని కనాలని చూస్తోంది.

ఆ ఏడు ఏట్లోని పరిగెలకు, అంటే చిట్టి చేపలకు, జబ్బు చేసింది. ఒళ్ళు చిక్కిపోయింది, పొట్టలు ఉబ్బిపోయాయి. నీళ్ళలో ఎక్కడ చూసినా దోసగింజల్లాంటి తెల్లటి ముక్కలు తేలుతున్నాయి. అవి బద్దెపురుగు ముక్కలు. బద్దెపురుగు పొట్టలో ఉంటుంది. దాని ఒళ్ళు బారెడు. తోక చివర ముక్కలు ఒక్కొక్కటీ తెగి బయటికి వస్తుంటాయి.

పండుగప్ప దొర సభ పెట్టాడు.

"చాపమ్మ వెనకాల ఇలాంటి ముక్కలు పడటం నేను చూశాను. పరిగెల జబ్బుకి మూలం చాపమ్మే. పౌర్ణమి పోటుకి మళ్ళీ సభ. మీసాలమ్మా, ఆ పురుగుకి 'పరిగెల యముడు' అని పేరు పెట్టు. యముణ్ణి కడుపులో పెట్టుకున్నవాళ్ళకి ఏట్లో చోటు లేదు. చాపమ్మ నడిసముద్రానికి పోవాలి!" అన్నాడు.

"కడుపుతో ఉన్నదాన్ని దొరా! అక్కడ సొరచేపలు నా పిల్లల్ని ఒక్క పూటైనా బతకనిస్తాయా?" అని చాపమ్మ ఏడ్చింది.

జబ్బుతో విసిగిపోయిన పరిగెలు జాలిపడలేదు. "పోవాల్సిందే!" అని అరిచాయి.

మీసాలమ్మ చాపమ్మ దగ్గర పడ్డ ముక్కను తీసుకుంది. నీళ్ళలో తేలే ముక్కను తీసుకుంది. పక్కపక్కన పెట్టి మీసాలతో తడిమింది. రెండూ ఒకేలా ఉన్నాయి. వాళ్ళమ్మా అమ్మమ్మా బద్దెపురుగులన్నింటికీ ఇలా ముక్కలు చూసే పేర్లు పెట్టారు. ఇదీ అలాగే తేల్చేస్తే సరిపోను. కానీ దాని మనసు ఒప్పుకోలేదు.

"దొరా, ఇవి తోక ముక్కలు. తల ఏది? తల చూడకుండా ఇదీ అదీ ఒకటేనని ఎలా చెప్పను?" అని అడిగింది.

దొర పకపకా నవ్వాడు. "తల లోపల పేగు పట్టుకుని ఉంటుంది. నువ్వు లోపలికి పోయి చూసొస్తావా ఏంటి?"

సభంతా నవ్వింది. మీసాలమ్మకి ఒళ్ళు మండింది.

"చూసొస్తాను!" అంది.

ఆ మాట ఎవరూ నమ్మలేదు. దొర మాత్రం కొంచెం కంగారుపడ్డాడు. తన బంటు డెక్కయ్యను పంపాడు. డెక్కయ్య కత్తెరల్లాంటి డెక్కలున్న పీత. పీతల్లాగే మాట కూడా అడ్డంగా మొదలుపెట్టేవాడు.

"అమ్మాయ్, ఆ పాచి మేట ఉంది చూశావూ, ఏడాదంతా కూచుని తినొచ్చు. దొరగారు నీకే ఇచ్చేస్తారంట. ఎందుకొచ్చిన గొడవ చెప్పు? తలదేవుంది, తోకదేవుంది!"

"అయితే మావయ్యా, నీ తల తీసి పక్కనపెట్టి డెక్కలు మాత్రం పంపించు. రేపటినుంచి వాటితోనే మాట్లాడతాను," అంది మీసాలమ్మ.

డెక్కయ్య గొణుక్కుంటూ పోయాడు.

మీసాలమ్మ ఇసుక మేటకి వెళ్ళింది. "అత్తా, నోరు తెరువు," అంది. చాపమ్మ ఒంటి కింద ఉన్న నోరు తెరిచింది. మీసాలమ్మ లోపలికి జారింది. పొట్ట దాటాక పేగు మొదలైంది. మామూలు పేగు కాదు. బావిలోకి దిగే మెట్లలా చుట్లు చుట్లుగా తిరిగి ఉంది. ఆఖరి చుట్టు దగ్గర ఒక గొంతు వినిపించింది.

"ఎవరదీ? ఇంటివాళ్ళని అడక్కుండా లోపలికొచ్చేయడవేనా?"

"నువ్వు మాత్రం అడిగొచ్చావా తాతా?" అంది మీసాలమ్మ.

ముసలి బద్దెపురుగు నవ్వింది. దాని పొడుగాటి ఒళ్ళు చుట్లలోంచి వేలాడుతోంది. తల మాత్రం పేగు గోడకి అంటుకుని ఉంది. మీసాలమ్మ దగ్గరికెళ్ళి చూసి నివ్వెరపోయింది. ఆ తల పువ్వులా ఉంది. నాలుగు రేకులు. ఒక్కో రేకు మీద ఒక జత కొక్కేలు.

"తాతా, నీ పేరేంటి?"

"ఈ చాపమ్మ ముత్తవ్వల కాలంనుంచీ మావాళ్ళు ఈ టేకు చేపల్లోనే ఉన్నారు. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు, పేరు పెట్టలేదు. బయట ముక్కలు చూసి ఏవేవో అంటున్నారంటగా?"

"పరిగెల యముడంటున్నారు."

"పరిగెలా?" ముసలి పురుగుకి కోపం వచ్చింది. "ఈ చుట్లపేగు తప్ప నాకు ఇంకో ఇల్లు లేదు. ఈ గుమ్మం దాటితే ఒక్క పూట బతకను! నేను మంచివాణ్ణనను. పిలవని చుట్టాన్నే, చాపమ్మ తినేదాంట్లో ఇంత తింటాను. కానీ చెయ్యని నేరం నా నెత్తిన ఎందుకు రుద్దాలి?"

మీసాలమ్మ తల దించుకుంది. "నేను చెబితే చాలదు తాతా. సభ మధ్యలో చూపించాలి. కట్టుబాటు."

ముసలి పురుగు ఒక్కొక్క కొక్కెమే వదిలింది.

"ఎలాగూ పట్టు సడలుతోంది. పద. తప్పుడు పేరుతో బతికేకంటే సొంత పేరుతో పోవడం నయం."

మీసాలమ్మకి కళ్ళు చెమ్మగిల్లాయి. తాతను ఒక ఖాళీ శంఖులో పడుకోబెట్టి బయటికి తెచ్చింది. దారిలో చచ్చిపడి ఉన్న ఒక పరిగె పొట్టలో కూడా వెతికింది. అక్కడ దొరికిందాన్ని ఇంకో గుల్లలో పెట్టింది.

డెక్కయ్య మళ్ళీ ఎదురొచ్చాడు. ఈసారి గొంతు మారింది.

"పండుగప్పలకి రొయ్యలంటే ఎంత ఇష్టమో నీకు తెలుసుగా అమ్మాయ్?"

మీసాలమ్మ కాళ్ళు వణికాయి. ఎన్ని కాళ్ళున్నాయో అన్నీ వణికాయి. అయినా ఆగలేదు.

పౌర్ణమి పోటు నిండుగా వచ్చింది. సభ కూడింది. ఆ ఏట్లో ఇంకో రివాజు ఉంది. ఏరు పోటు మీద ఉండగానే, దొర నోరు బార్లా తెరిచి ఆజ్ఞ ఇవ్వాలి. ఆటు మొదలైతే సభ ముగిసినట్టే, విషయం కొట్టేసినట్టే.

"కానివ్వు, ఆ పేరు పెట్టు. ఆజ్ఞ నేను ఇస్తాను," అన్నాడు దొర.

మీసాలమ్మ శంఖును సభ మధ్యలో పెట్టింది. పరిగెలు "అమ్మో!" అని వెనక్కి దూకాయి.

"భయపడకండి. ముందు చూడండి. వీడి తలకి నాలుగు రేకులు, రేకు రేకుకీ జత కొక్కేలు. ఇదీ మొదటి మాట. వీడి కాపురం టేకు చేప చుట్లపేగులో. బయట బతకలేడు. ఇదీ రెండో మాట."

ముసలి పురుగు అప్పటికే వడిలిపోతోంది. అందరూ చూస్తూనే ఉన్నారు. ఒక్క పరిగె మీదికీ అది దూకలేదు, దూకే ఓపికా దానికి లేదు.

"మూడో మాట. పరిగె పొట్టలో దొరికిన పురుగు ఇదిగో, ఈ గుల్లలో. దీనికి రేకుల్లేవు, కొక్కేల్లేవు. తలకి అటో గాటు, ఇటో గాటు, అంతే. ఇది వేరు, వీడు వేరు. తోకలొకటే, తలలు వేరు! వీడి పేరు నాలుగు రేకులవాడు. ఇదే నా వర్ణన. ఎవరైనా వచ్చి సరిచూసుకోండి."

శంఖులోంచి సన్నటి గొంతు వినిపించింది. "బాగుందే పిల్లా, పేరు." అంతే, ముసలి పురుగు ఇంక కదల్లేదు. చాపమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఒక పరిగె తల్లి ముందుకొచ్చింది. శంఖులోకి చూసింది, గుల్లలోకి చూసింది. "నిజమే. వేరే," అంది. తర్వాత మెల్లిగా అడిగింది. "మరి మా పిల్లల్లో ఉన్నది ఎక్కణ్ణుంచి వచ్చింది తల్లీ?"

"ఇది ఇంకా పసిపురుగే పిన్నీ. ముక్కలు రాల్చే వయసు కాదు. పరిగెను ఎవరు మింగితే వాళ్ళ పొట్టలో ఇది పెరిగి పెద్దదవుతుంది. నీళ్ళలో తేలే ముక్కలు ఆ పెద్దదానివి అయ్యుండాలి. చాపమ్మత్త గుల్లలు తింటుంది గానీ పరిగెల్ని తినదు."

"మరి పరిగెల్ని మింగేదెవరు?" అని ఎవరో అన్నారు.

చూపులన్నీ ఒక్కటొక్కటిగా దొర వైపు తిరిగాయి.

మీసాలమ్మ సరాసరి దొర మూతి ముందుకి వెళ్ళి నిలబడింది.

"మీ పొట్టలో అది ఉందనీ అనను, లేదనీ అనను. చూడకుండా చెప్పకూడదు. దొరా, నోరు తెరవండి. లోపలికెళ్ళి చూసొస్తాను."

"నిన్ను మింగేస్తాను!" అని దొర పళ్ళ సందునుంచి బుస కొట్టాడు.

"మింగండి. నేను వెళ్ళేది అక్కడికేగా! బయటికి రాకపోతే, ఎందుకు రాలేదో ఏరంతా అర్థం చేసుకుంటుంది. తెరవండి!"

"తెరవండి దొరా!" అంది చాపమ్మ.

"తెరవండి!" అని పరిగెలన్నీ అరిచాయి. డెక్కయ్య మాత్రం అడ్డంగా నడుచుకుంటూ వేళ్ళ మాటుకి పోయాడు.

దొర నోరు గట్టిగా బిగించాడు. తెరిస్తే మీసాలమ్మ లోపలికి దూరి పురుగు తల చూసేస్తుందేమోనని భయం. తెరవకపోతే ఆజ్ఞ ఎలా ఇస్తాడు? మొప్పలు టపటపలాడాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, నోరు మాత్రం పెగల్లేదు. అలా చూస్తుండగానే మడ వేళ్ళ దగ్గర నీళ్ళు వెనక్కి మళ్ళాయి. ఆటు మొదలైంది. సభ ముగిసింది.

చాపమ్మ తన మేట మీదే పిల్లల్ని కన్నది. అరచేతులంత పిల్లలు ఇసుక కప్పుకుని పడుకుంటే తోకలు మాత్రం బయటికి కనబడేవి. నాలుగు రేకులవాడి శంఖు ఇప్పటికీ మడచెట్టు మొదట్లోనే ఉంది, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. ఇక దొర సంగతంటారా? ఏట్లో దొర ఎక్కడ నోరు తెరవబోయినా పరిగె పిల్లలు గుంపుకట్టి, "అలాగే ఉంచండి దొరా, మీసాలమ్మను పిలుస్తాం!" అని అరిచేవి. దొర టక్కున నోరు మూసుకునేవాడు.

నీతి: తోక చూసి నేరం మోపేవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా సరే, తల చూపించమని ఎదురు నిలిచి అడగాలి.