నక్క పళ్ళు లెక్కపెట్టిన రోజు

చింతలమెట్ట అడవివాళ్ళంతా కలిసి ఒక విత్తనాల కొట్టు పెట్టుకున్నారు. కోతలయ్యాక ఎవరి విత్తనాలు వాళ్ళు తెచ్చి, కుండలో పోసి, మూతకు మట్టి మెత్తి అప్పజెప్పేవాళ్ళు. మూడు వందల కుండలు, అన్నీ ఒకే పోలిక. పైన అంకె తప్ప పేరుండదు. ఏ అంకె ఎవరిది, లోపల ఏముంది అన్న జాబితా అంతా కంప్యూటర్లో ఉంటుంది. అది రాసేది ఉడుత చిట్టెమ్మ. కొట్టుకు పెద్ద ఎద్దు పుల్లయ్య. కంప్యూటర్ గురించి పుల్లయ్యకు తెలిసింది ఒక్కటే, దాని మీద కాలు పెట్టకూడదని.

మృగశిర కార్తెలో తొలివాన పడింది. సరిగ్గా ఆ పొద్దునే కంప్యూటర్ తెర నల్లబడింది.

"కొంప మునిగింది మావా! జాబితా తెరుచుకోవట్లేదు," అంటూ చిట్టెమ్మ పరుగెత్తుకొచ్చింది.

వాకిట్లో అప్పటికే కుందేళ్ళు, అడవిపందులు, నెమలి చంద్రకళ వరసకట్టి ఉన్నారు. పదును ఆరకముందే విత్తుకోవాలి. అందరి ఏడాది తిండీ ఆ కుండల్లోనే ఉంది. మూతలు తీసి వెతుకుదామంటే గాలి తగిలి పురుగు పడుతుంది. తీసినా, ఎవరి జొన్నలు ఎవరివో జొన్నలు చెబుతాయా?

పిలవకుండానే నక్క శేషాచలం వచ్చాడు. ఆ చుట్టుపక్కల కంప్యూటర్లు బాగుచేసేది వాడొక్కడే. వైర్లు పీకాడు, పెట్టాడు, చావు కబురు చెప్పేవాడిలా మొహం పెట్టాడు.

"కంప్యూటర్ని నడిపించే మీ పాత సిస్టమ్ పోయింది పుల్లయ్యా. చేసిన కంపెనీవాళ్ళే ఎప్పుడో చేతులు దులుపుకున్నారు. పోతూ పోతూ జాబితాని కూడా పట్టుకుపోయింది. డిస్కులో గింజంత కూడా మిగల్లేదు."

చిట్టెమ్మ ఘొల్లుమంది.

"ఏడవకమ్మా. నేనే తయారుచేసిన సిస్టమ్ ఒకటుంది. అది ఎక్కిస్తే జాబితా వెనక్కొస్తుంది. కాకపోతే ఇకమీదట నా తాళంతోనే తెరుచుకుంటుంది. విత్తనాల కాలం వచ్చినప్పుడల్లా కబురు పెట్టండి, వచ్చి తెరుస్తా."

"దానికి నీకేం ఇవ్వాలి?" అన్నాడు పుల్లయ్య.

"ఛఛ, మనలో మనకేంటయ్యా! ఆ వెనక గదిలో కాస్త చోటిస్తే చాలు. కాపలా పడుకుంటా."

వెనక గది గోడ అవతలే కోళ్ళ గూడు. అందులో ముసలి కోడి వెంకమ్మ గబుక్కున పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంది.

ఇంతలో కప్పు మీంచి కాకి కనకం అరిచింది. "ఆగండాగండి! నా దగ్గరొక సిస్టమ్ ఉంది. పక్క కొండ మీద చిలకల బడిలో అదే వాడుతున్నారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు, పదిమందికీ పంచొచ్చు." మెతుకు దొరికితేనే అందర్నీ పిలిచే జాతి అది, ఇలాంటిది దొరికితే ఊరుకుంటుందా? కాలికి కట్టుకున్న పెన్‌డ్రైవ్ విప్పి గుమ్మంలో పెట్టింది.

శేషాచలం పకపకా నవ్వాడు. "ఊరికే వచ్చేదానికి దిక్కెవరు? చెడితే ఎవర్ని పట్టుకుంటారు? అందరూ లోపల చూస్తారంటే దొంగ కూడా చూస్తాడుగా!"

వరసలో సగం తలలు ఊగాయి. నిజం చెప్పొద్దూ, నేనున్నా ఊపేవాణ్ణే.

పుల్లయ్య నెమరు ఆపాడు. "మన బావిలోకి అందరం తొంగిచూస్తాం. అందుకే అందులో ఏది పడ్డా తొలి చేద వేసినవాడికే తెలిసిపోతుంది. మూతేసి తాళం పెట్టిన బావి నీళ్ళు నేనైతే తాగను. సరే శేషాచలం, నన్ను సంతలో మూడుసార్లు అమ్మారు. కొనేవాడు ప్రతిసారీ నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టాడు, కాడి కట్టి నడిపించాడు, ఆ తర్వాతే బేరం. నీ సిస్టమ్ నోరు తెరిచి చూపిస్తావా?"

"అది నా వ్యాపార రహస్యం."

"పోనీ, ఎక్కించకుండా నడిపి చూపిస్తావా?"

"ఎక్కించకుండా ఎలా నడుస్తుందయ్యా?"

"నాది నడుస్తుంది," అంది కనకం. "పెన్‌డ్రైవ్ గుచ్చితే అందులోంచే నడుస్తుంది. మీ డిస్కు మీద గీత కూడా పడదు. నచ్చకపోతే లాగి పారేయండి."

ఊరికే వచ్చిన సరుకు తెర కూడా వెలిగించదని శేషాచలం నమ్మకం. ఆ ధీమాతో తొడకొట్టాడు. "నడపండి! అందులో జాబితా కనపడితే ఆ కాడి నా మెడ మీద వేసుకుని మీ పొలమంతా విత్తే గొర్రు లాగుతా!"

"అందరూ విన్నారా?" అన్నాడు పుల్లయ్య.

"విన్నాం!" కోళ్ళ గొంతే అన్నిటికన్నా గట్టిగా వినిపించింది.

చిట్టెమ్మ పెన్‌డ్రైవ్ గుచ్చింది. కాసేపు నల్లగా ఉండి తెర భగ్గున వెలిగింది. "అబ్బ, అచ్చం నా మెడ రంగు!" అంది చంద్రకళ. చిట్టెమ్మ డిస్కు తెరిచి చూసింది.

"నూట పద్నాలుగు, కుందేలు రత్తమ్మ, పెసలు. నూట పదిహేను, అడవిపంది గంగులు, కందులు... మావా, మొత్తం ఉంది! ఒక్క పేరు కూడా పోలేదు!"

పుల్లయ్య నక్క వైపు తిరిగాడు. "అయితే బిగుసుకుపోయింది తలుపే. నువ్వు ఇల్లే కూలిందన్నావు."

కనకం దగ్గర ఆ సిస్టమ్‌లోనే రెండు రకాలున్నాయి. ఒకటి నెలకో కొత్త సోకు చేసుకునేది. అది తన ఇంటికి కావాలని చంద్రకళ పట్టుబట్టింది. రెండోది ఏళ్ళ తరబడి పెద్దగా మారకుండా పనిచేసుకుపోయేది. పుల్లయ్య కొట్టుకు దాన్నే ఎంచుకున్నాడు. ముందు జాబితాకి వేరే పెన్‌డ్రైవ్‌లో నకలు తీసుకున్నాకే ఎక్కించనిచ్చాడు.

ఎక్కించాక, జాబితా కాగితం మీదకి తీద్దామంటే ప్రింటర్ మొరాయించింది. కనకం కప్పెక్కి కావుమంది. నలభై కాకులు దిగాయి. అరగంట పోట్లాడుకున్నాయి. చివరికి ఒక ముసలి కాకి సరిచేసి ఎగిరిపోయింది.

"చెడితే ఎవర్ని పట్టుకోవాలన్నావుగా శేషాచలం? వీళ్ళని పంపించడమే కష్టంగా ఉంది," అన్నాడు పుల్లయ్య. శేషాచలం మెల్లగా గుమ్మం వైపు జరుగుతున్నాడు. గుమ్మం నిండా కోళ్ళు నిలబడి ఉన్నాయి.

మధ్యాహ్నానికల్లా ఎవరి కుండ వాళ్ళింటికి చేరింది. పొలంలో గొర్రు సిద్ధమైంది. పుల్లయ్య కాడి దించి నక్క ముందు పెట్టాడు. "మెడ వంచే ముందు నోరు తెరువు నాయనా. సంత పద్ధతి."

చేసేదిలేక శేషాచలం నోరు తెరిచాడు. వెంకమ్మ దగ్గరికొచ్చి, మెడ చాచి, ఒక్కోటీ పైకే లెక్కపెట్టింది.

"నలభై రెండు! ఇన్ని పళ్ళు పెట్టుకునా నాయనా, మా గోడ పక్కన కాపలా పడుకుంటానన్నావు?"

నీతి: లోపల చూపించనివాడి చేతిలో ఇంటి తాళం పెట్టకూడదు.