వెలిసిన రంగు

పరాంకుశం దాసుగారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. వైరాగ్యం అంటే ఏమిటని అడిగినవాడు మధ్యాహ్నం దాకా కూర్చుని చింతపండులో గింజలు తీశాడు. శ్రుతి ఎందుకు నిలవడం లేదని అడిగినవాడు పెరట్లో నూతి గిలకకి నూనె పోశాడు. అందుకని బొబ్బిలి చుట్టుపక్కల హరికథలు చెప్పుకుని బతికే ఆయన శిష్యులు తమ సందేహం ఎంత గట్టిదో ఒకటికి రెండుసార్లు తూచుకుని గాని ఆయన ఇంటి వీధి మలుపు తిరిగేవారు కారు.

కూర్మారావు తూచుకునే వచ్చాడు. ఆ శిష్యులందరిలోకి పెద్దవాడు, జుట్టు సగం నెరిసినవాడు. పొద్దున్నుంచి పట్టిన వాన వెలిశాక, చంకలో చిన్న గుడ్డమూట పెట్టుకుని, బురదలో చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. మూటలో ఉన్నవి చిడతలు, కథ చెప్పేటప్పుడు చేత పట్టి తాళం వేసేవి. అతను మొదటి కథ చెప్పిన రోజున గురువుగారు తన చేతిలోవి తీసి అతని చేతిలో పెట్టారు. ఇప్పుడు వాటిని తిరిగి ఇచ్చెయ్యాలని బయల్దేరాడు గాని, దారిపొడుగునా ఆ మూట అతనికి బరువెక్కుతూనే ఉంది.

దాసుగారు వీధి అరుగు మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్నారు. మూట చూశారు.

"గురువుగారూ," అన్నాడు కూర్మారావు నిలబడే, "మీరు కట్టిన నూకాలు దీపం కథ ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టిందండి. ఇప్పుడు దాని రంగు వెలిసిపోయింది. కథ సగంలో జనం లేచిపోతున్నారు. పోనీ వాళ్ళంటే సరే. మొన్న నా పక్కన కూర్చున్న మృదంగం ఆయనే ఆవలించాడండి, నోరంతా తెరిచి! ఇంక దానికి మళ్ళీ కళ వస్తుందా, రాదా? రాదంటే చెప్పీయండి. ఏకాదశికి ఒప్పుకున్న కథ మానేసి, మా బావమరిది టెంటుహౌసులో కుర్చీలు మోసుకుంటాను."

నూకాలు ఒక కుమ్మరి ఆడమనిషి. ఏటికి అవతల ఉన్న గుడిలో కార్తీక దీపం పెడతానని మొక్కుకుంటుంది. తీరా ఆ రోజుకి ఏరు పొంగుతుంది. వెడల్పు మూతి కుండలో దీపం నిలిపి, ఆ కుండను ముందుకు తోసుకుంటూ ఈదుకుపోతుంది. కథంతా అంతే. దాసుగారు పడుచు వయసులో కట్టారు. కూర్మారావు దానికి ఏటేటా ఏదో ఒకటి అతికిస్తూ వచ్చాడు. సినిమా వరసలు తెచ్చాడు, సర్పంచి మీద జోకులు తెచ్చాడు. అన్నిటికీ మించి, నూకాలు గట్టు మీద నిలబడి పూజారికి సెల్‌ఫోను చేస్తే సిగ్నలు అందని ఘట్టం ఒకటి కల్పించాడు. మొదటి ఏడు దానికి జనం పడీపడీ నవ్వారు. మరుసటి ఏడు మర్యాదకి నవ్వారు. ఆ తర్వాత ఫోను రాబోతోందని తెలియగానే బీడీ కాల్చుకోవడానికి లేచేవారు. అతను మాత్రం లోపం కథదే అనుకున్నాడు. పాపం, ఎవరైనా అలాగే అనుకుంటారు.

"వెలిసిపోయిందంటావు," అన్నారు దాసుగారు, తాంబూలం బుగ్గన పెట్టుకుంటూ. "సింహాద్రి మీద అప్పన్న వెలిశాడని కూడా అంటాం కదురా. అదే మాట."

కూర్మారావుకి ఒళ్ళు మండింది. ఇక్కడ తన బతుకు ఏట్లో కొట్టుకుపోతుంటే ఈయనకి మాటలతో చెలగాటంగా ఉంది. పైకి మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అది తర్వాత చూద్దాం. ముందు దీని సంగతి చూడు," అని దాసుగారు చూరు కింద ఉన్న మోటారు సైకిలు చూపించారు. ఒకప్పుడు ఆయన గజ్జెల సంచి మెడకి తగిలించుకుని, మృదంగం ఆయన్ని వెనకాల ఎక్కించుకుని, ఆ బండి మీదే ఊరూరా తిరిగి కథలు చెప్పారు. బండి ఇప్పటికీ నడుస్తుంది. చూపుకే ముసలిదయింది. పెట్రోలు టాంకీ వెలవెలబోయి, వేలితో రాస్తే ముగ్గుపిండిలా పొడి అంటుతోంది.

"ఇది ఏం రంగురా?"

"ఇటుక రంగండి. అదీ పాత ఇటుక."

లోపల బియ్యం చెరుగుతున్న రత్నాంబగారు, దాసుగారి భార్య, కిసుక్కున నవ్వారు.

"కొత్త రంగు వేయించమని మీ అమ్మగారి పోరు. పెయింటరుకి కబురు పెట్టాను. వాడు వచ్చేలోగా నువ్వు ఒకసారి రుద్ది చూడు," అంటూ దాసుగారు గూట్లోంచి పాలిష్ డబ్బా, మెత్తని పాతపంచె ముక్కా తీసిచ్చారు.

చేసేదేముంది? కూర్మారావు మూటను అరుగు మీద పెట్టి, పంచె ఎగదోపి, బండి మీది బురద కడిగి ఆరబెట్టాడు. డబ్బాలోంచి గుప్పెడు పాలిష్ తీయబోయాడు.

"చిటికెడు చాలు. గుడ్డ కాస్త తడిచేసుకో. చిన్నచిన్న చుట్లు చుట్టు. బండకేసి బాదుతున్నట్టు కాదు, పసిబిడ్డకి నలుగు పెడుతున్నట్టు," అన్నారు దాసుగారు.

నలుగు పెట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి గుడ్డ తిప్పి చూసుకున్నాడు. గుడ్డంతా ఎర్రగా ఉంది. బండి రంగు ఊడి తన చేతికి వచ్చేసింది! గురువుగారి బండి, ఆయన ప్రాణంగా చూసుకునే బండి! అరుగు వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని ఆకు నములుతున్నారు. కూర్మారావు మెల్లిగా గుడ్డను వెనక్కి దాచి, తప్పు చేసిన పిల్లాడిలా రెండడుగులు పక్కకి జరిగాడు.

సరిగ్గా అప్పుడే రత్నాంబగారు చేటతో గుమ్మంలోకి వచ్చారు. "అయ్యో నా తల్లీ! చెయ్యి తెగ్గోసుకున్నావట్రా? అంత రక్తం!"

"రక్తం కాదమ్మా," అన్నాడు కూర్మారావు ఏడుపు గొంతుతో. "బండి రంగు. నేనే ఊడగొట్టీసాను."

దాసుగారు కళ్ళు తెరవలేదు. "ఎండకి చచ్చిన రంగురా అది. పోనీ. కిందిది కింద ఉంది, రుద్దు."

నమ్మకం లేకపోయినా రుద్దాడు. చెయ్యి ఒక వాటానికి అలవాటు పడింది. చుట్టు మీద చుట్టు పడుతుంటే దానికొక లయ వచ్చింది. తాళం చేతికి అందాక కథకుడి నోరు ఊరుకుంటుందా? తనకే తెలియకుండా సన్నగా మొదలెట్టాడు, నూకాలు చక్రం మీద మట్టి ముద్ద పెట్టడం, వేళ్ళ మధ్య ప్రమిద లేవడం. రుద్దుతూ పాడుతున్నవాడికి ఊపిరి ఎంతని చాలుతుంది? సాగదీసే రాగాలు వాటంతటవే రాలిపోయాయి. సినిమా వరస ఎత్తుకోబోతే చేతి నడకకి కుదరక వదిలేశాడు. సర్పంచి గుర్తే రాలేదు. మిగిలినదల్లా నూకాలు, కుండ, ఏరు.

ఏరు ఆమె నడుము దాకా వచ్చేసరికి అతని చేతి కింద టాంకీ మెరిసింది. ఇటుక కాదు, ముద్దమందారం! అందులో అతని ముఖమే అతనికి కనిపించింది. ఇది ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా? సంతోషం పట్టలేక, నూకాలు మీదికి పెద్ద కెరటం లేపి, కుండను పక్కకి ఒరిగించి, అదే ఊపులో టాంకీ అంచు మీద బలంగా రుద్దబోయాడు. దాసుగారు ఎప్పుడు లేచి వచ్చారో, అతని మణికట్టు పట్టుకున్నారు.

"అంచు దగ్గర రంగు పల్చనరా. అక్కడ ఒక్కసారి తడిమి వదిలెయ్. ఇంకా రుద్దితే రేకు కనిపిస్తుంది."

కూర్మారావు ఆగాడు. చెయ్యి ఆగింది కాబట్టి కథ కూడా ఆగింది.

గుమ్మంలో చేట పట్టుకుని రత్నాంబగారు అలాగే నిలబడి ఉన్నారు. చేటలో బియ్యం ఒక పక్కకి జారిపోయాయి, ఆవిడ చూసుకోలేదు. ఆ కథ పుట్టింది ఆ ఇంట్లోనే. ఆవిడ వినని పూట లేదు.

"తర్వాత?" అన్నారు ఆవిడ.

"తర్వాత ఏటండీ?"

"దీపం! పెద్ద కెరటం వచ్చింది, కుండ పక్కకి ఒరిగింది అన్నావు. దీపం ఆరిందా, నిలిచిందా?"

"అమ్మా, మీకు తెలియనిదా!"

"తెలుసులే. చెప్పు."

ఇలా 'తర్వాత?' అని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో కూర్మారావుకి గుర్తు లేదు. సంతోషమూ సిగ్గూ కలిసి ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"అవును గాని, ఒరే కూర్మం," అన్నారు దాసుగారు అమాయకంగా ముఖం పెట్టి. "గట్టు మీద ఫోను చెయ్యాలి కదురా నూకాలు? ఆ ఫోను ఏదీ?"

కూర్మారావు చేతిలోని ఎర్ర గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికే అంటుకుపోయినట్టుందండి," అన్నాడు.

దాసుగారు నవ్విన నవ్వుకి నోట్లో తాంబూలం ఆగలేదు. రత్నాంబగారు మాత్రం నవ్వలేదు. "ఫోను గొడవ నాకెందుకు? పెయింటరూ వద్దు, ఎవరూ వద్దు. అసలు రంగు వేయించమని నేనెప్పుడు అడిగాను? ముందు దీపం సంగతి తేల్చండి," అని గుమ్మంలోనే చతికిలబడ్డారు.

కూర్మారావు చేతులు కడుక్కుని, పంచెకి తుడుచుకుని అరుగు దగ్గరకి వెళ్ళాడు. మూట విప్పి చిడతలు తీశాడు. వాటిని ఎవరికీ ఇవ్వలేదు. కుడిచేతి వేళ్ళకి తగిలించుకుని బండి పక్కన నిలబడి, కెరటం దగ్గర అందుకున్నాడు. కుండ ఒరిగింది. నూకాలు తడిసిన కొంగు వదిలేసి రెండు అరచేతులూ దీపానికి అడ్డం పెట్టింది. ఈదే చేతులు రెండూ దీపానికే ఇచ్చేసిన మనిషిని ఆ ఏరే మోసుకుపోయి గుడి మెట్ల మీద దించింది. దాసుగారు బండి సీటు మీద వేళ్ళతో తాళం వేశారు. దారిన పోతున్న పాలవాడు సైకిలు దిగి, కథ అయ్యేదాకా కదల్లేదు.

అయ్యాక, చిడతలు గుండెకి ఆనించుకుని కూర్మారావు మెల్లిగా అడిగాడు. "గురువుగారూ, నేను అడిగినదానికి ఏటంటారు?"

దాసుగారు అతని వంక చూడలేదు. ఎర్రగా మెరుస్తున్న టాంకీ మీద అరచెయ్యి వేసి, మెల్లిగా ఈ కొస నుంచి ఆ కొసకి నిమిరారు.

"వెలిసిందిరా," అన్నారు.