ముళ్లమడుగుకు పరదేశి కొంగలు

కొండ దిగువన ముళ్లమడుగు అనే చోటు ఉంది. అక్కడ నేల సారం చచ్చిపోయింది. గడ్డి పలచబడింది, నీళ్లలో చేపలు కూడా బక్కచిక్కాయి. జింకల్లో సగం ఎప్పుడో వలసపోయాయి. గేదె నల్లమ్మకు పాలు సరిగ్గా పడటం లేదు, దాని దూడ లేచి నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి. ఈ ఏడూ ఇంతే అయితే నల్లమ్మ కూడా కదలాల్సిందే. దూడ మాత్రం అంత దూరం నడవలేదు.

కొండ అవతలి చెరువు పచ్చగా ఉంది. అక్కడ ఏటా పరదేశి కొంగలు దిగి గూళ్లు కడతాయి. వాటి రెట్ట కలిసిన నీళ్లు పారిన చోటల్లా గడ్డి మోకాలెత్తు లేస్తుంది. ఆ కొంగల్ని మనమూ రప్పించుకుందామని అడవి పంచాయతీ తీర్మానించింది. పిలుచుకొచ్చే పని నక్క నెత్తికెత్తుకుంది. మాటకారితనంలో దానికి పోటీ ఎవరున్నారు గనక.

నక్క ఒక్కటే షరతు పెట్టింది. మడుగులో నిలబడ్డ తుమ్మచెట్లు తీసేయాలట. అంత దూరం నుంచి వచ్చే పెద్దమనుషులకు ముళ్లు చూపిస్తే మన పరువేం కావాలని అడిగింది. గూళ్ల కోసం గట్టు మీద మెత్తటి గడ్డి పరుపులు తానే వేయిస్తానంది. అతిథి అనేసరికి మనవాళ్లకు ఒళ్లు తెలియదు కదా, అడవిపందులు ఆ పూటే వేళ్లు పెళ్లగించడం మొదలుపెట్టాయి. గట్టు పక్క చెట్లు కూలాయి కూడా.

వచ్చేవాళ్లను ఒక మాట అడిగి పీకుదామంది నల్లమ్మ.

"బురదలో పొర్లేదానివి, నీకు మర్యాదలేం తెలుస్తాయి వదినా?" అంది నక్క. అందరూ నవ్వారు. నల్లమ్మకు ఒళ్లు మండింది. మిగిలిన చెట్లకు అడ్డంగా వెళ్లి నీళ్లలో పడుకుంది. దాన్ని కదిలించడం పందుల వల్ల కాలేదు.

కొంగల్లో ఒక పద్ధతి ఉంది. గుంపు దిగేముందు ఒక పెద్దాయన వచ్చి చోటు చూసుకుని పోతాడు. నక్క వెళ్లి పిలవగానే ఆయన రానే వచ్చాడు. నక్క వంగి వంగి దండాలు పెట్టి పరుపుల దగ్గరకు తీసుకెళ్లింది. మడుగులో చేపలన్నీ కొంగలవేనని మాటిచ్చేసింది.

నల్లమ్మ తాపీగా లేచి వచ్చింది. "పరుపు ఎంత మెత్తగా ఉందో ఒకసారి ఎక్కి చూపించరాదూ మరిదీ?"

నక్క ఒక్క గెంతులో ఎక్కి దర్జాగా దొర్లింది.

"ఇప్పుడు ఆ తుమ్మచెట్టు కూడా ఎక్కి చూపించు."

నక్క నీళ్ల వైపు చూసింది, ముళ్ల వైపు చూసింది. పరుపు దిగనేలేదు.

పరుపు మీద గూడు కడితే పిల్లలు ఎవరి పొట్టలోకి పోతాయో పెద్దాయనకు తెలిసిపోయింది. "మాకు కావాల్సింది ఆ ముళ్లేనమ్మా. మరి చేపలన్నీ మావేనన్న మాట నిజమేనా?"

"కాదండీ. మా నీటికుక్కలకూ వాటా ఉంటుంది. మేం నీళ్లలో దిగడం మానం. మీ గూళ్ల జోలికి మాత్రం ఎవరూ రారు, ఆ పూచీ నాది."

"అన్నీ ఇస్తామనేవాళ్లంటేనే మాకు భయం. నీ బేరం నచ్చింది" అని ఆయన ఎగిరిపోయాడు.

మబ్బులు పట్టేసరికి గుంపంతా దిగింది. తుమ్మచెట్ల నిండా గూళ్లు లేచాయి, కింద గడ్డి లేచింది. జింకలు తిరిగొచ్చాయి. నల్లమ్మ పొదుగు నిండింది, దూడ గట్టంతా గంతులేసింది.

ఒకనాడు నక్క చెట్ల దగ్గరి గట్టు మీద నిలబడి, వీళ్లను పిలుచుకొచ్చింది నేను, నా వాటా ఏదని నిలదీసింది. అంతలో పైనుంచి ఒక కొంగ రెట్ట వేసింది. అది సరిగ్గా నక్క నడినెత్తిన పడింది.

"ముట్టింది కదా మరిదీ" అంది నల్లమ్మ, గడ్డి నములుతూనే.

నీతి: బయటివాళ్లను రప్పించుకోవడానికి ఉన్నది పీకేసుకోనక్కర్లేదు, ఉన్నదాని విలువ తెలిసి బేరమాడితే చాలు.