పాకం మేస్త్రి జ్వరం

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో, సుభద్రమ్మగారి మిఠాయి వంటశాలలో అప్పలకొండ అనే పాకం మేస్త్రి ఉండేవాడు. అతని చేతిలో ఎంత పనితనం ఉండేదో, అది ఇంకొకరి కంట పడకూడదనే పంతం కూడా అంతే ఉండేది.

అరిసెకు ప్రాణం పాకం. లేతగా దించితే అరిసె నూనెలో విడిపోతుంది. ముదిరితే తిన్నవాళ్ళ పళ్ళు కదులుతాయి. సరైన అదను రెప్పపాటు మాత్రమే ఉంటుంది. ఆ అదను దగ్గర పడగానే, పక్కన పిండి పట్టుకుని నిలబడ్డ సాయం మనిషి నూకరత్నాన్ని అప్పలకొండ బయటికి పంపేసేవాడు.

"నూకరత్నం, ఏలకులు తే."

ఆవిడ తిరిగి వచ్చేసరికి పాకం దిగిపోయి ఉండేది. ఒకనాడు ఆవిడ నవ్వి, "ఈవేళ ఏలకులు కొంగున కట్టుకొచ్చానన్నా" అంది.

"అయితే నెయ్యి తే" అన్నాడు అప్పలకొండ.

ఆ ఏడు అతని కూతురు కుసుమ ఇంటర్ పాసై నర్సింగులో చేరతానని పట్టుపట్టింది. వస్తున్న జీతం ఇంటికే చాలడం లేదు. అప్పలకొండ ధైర్యం చేసి సుభద్రమ్మగారిని అడిగాడు.

"అమ్మగారూ, నా జీతం కాస్త పెంచాలండి."

"ఆలోచిద్దాం అప్పలకొండా. ముందు ఈ పెళ్ళివారి సారె పని కానీ" అందావిడ.

ఆ మాట అతనికి తిరస్కారంలా వినిపించింది. సారె అంటే మాటలు కాదు. కొత్త పెళ్ళికూతురితో అత్తవారింటికి వెళ్ళే మిఠాయిలవి. అందులో విరిగిన అరిసె ఒక్కటి కనిపించినా వియ్యాలవారు ఏళ్ళ తరబడి దెప్పుతారు. "ఆ రోజు పొయ్యి దగ్గర నేను లేకపోతే తెలుస్తుంది నా విలువ" అనుకున్నాడు అప్పలకొండ.

సారె రోజు పొద్దున్నే దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. జ్వరమని కబురు పంపాడు. కుసుమ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. మణికట్టు పట్టుకుని చూసింది.

"జ్వరం లేదు నాన్నా."

"లోపల ఉంది."

"లోపల ఉన్నదానికి మందు లేదు మరి."

"ఇంకా చదువులో చేరనే లేదు, అప్పుడే డాక్టరమ్మవైపోయావా? పో!" అని ముసుగు తన్నాడు.

సుభద్రమ్మగారే ఆటో వేసుకుని వచ్చి బతిమాలుతుందని అతని ఆశ. వీధిలో ఆటో చప్పుడైనప్పుడల్లా చెవులు రిక్కించాడు. ఎవరూ రాలేదు. సాయంత్రం నూకరత్నం మాత్రం గిన్నెలో జావ పట్టుకుని వచ్చింది. ఆవిడ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పాకం నేనే పట్టానన్నా. అరిసెలన్నీ మూకుట్లో ముక్కలైపోయాయి. అమ్మగారు పెళ్ళివారి చేతులు పట్టుకుని తప్పైపోయిందన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. జావ వేడిగా ఉండగానే తాగు."

అప్పలకొండ అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. కాని ఆ జావ గిన్నెను అతను పక్కకు నెట్టేశాడు.

అయినా మర్నాడు రొమ్ము విరుచుకునే వెళ్ళాడు.

"తగ్గిందా అప్పలకొండా?" అంది సుభద్రమ్మగారు.

"తగ్గిందమ్మగారూ. నిన్న నేను లేకపోయేసరికి..."

"అవును. నువ్వు లేకపోతే ఇక్కడ పొయ్యి వెలగదని తెలిసింది." అప్పలకొండ మీసాల్లో నవ్వుకున్నాడు. ఆవిడ ఆపలేదు. "అందుకే విశాఖలో కొట్టు పెట్టే ఆలోచన మానుకున్నాను."

"ఏ కొట్టమ్మగారూ?"

"దసరాకి తెరిచి, నిన్నే అక్కడ పెద్ద మేస్త్రిని చేద్దామనుకున్నాను. జీతం మాట కూడా అప్పుడే చెబుదామని ఆగాను. నువ్వు అక్కడికి వెళితే ఇక్కడ ఆరిపోతుంది. ఇక్కడే ఉంటే అక్కడ వెలగదు. ఒక్క మనిషిని రెండు ఊళ్ళలో ఎలా పెట్టను?"

అప్పలకొండ నవ్వు మీసాల్లోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తను కాపాడుకున్న రహస్యమే తన దారికి అడ్డంగా కూర్చుంది.

ఆ రోజు పాకం పొంగు మీదకు రాగానే నూకరత్నం అలవాటుగా బయటికి నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు అప్పలకొండ.

"ఏలకులకి."

"నేనే దంచేశాను. ఇలా రా. దగ్గరుండి చూడు."

పళ్ళెంలో నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి, అది వేలికింద ఎలా ఉండ కట్టాలో చూపించాడు. బస్తా బస్తాకీ బెల్లం ఎలా మారుతుందో, మారినప్పుడు మంట ఎలా తగ్గించాలో చెప్పాడు. ఆవిడ మొదట పాడు చేసింది. మళ్ళీ పాడు చేసింది. అతని నోటిదాకా వచ్చిన తిట్టు నోట్లోనే ఉండిపోయింది. ఇదంతా నేర్చుకుని రేపు తన స్థానం లాక్కుంటుందేమోనన్న భయమూ వేసింది. అయినా మర్నాడు మళ్ళీ పిలిచాడు.

కొన్ని వారాలు గడిచాక ఒక పళ్ళెం పట్టుకుని సుభద్రమ్మగారి దగ్గరికి వెళ్ళాడు. నూకరత్నం వెనకే నిలబడింది. సుభద్రమ్మగారు అరిసె విరిచి నోట్లో వేసుకుంది.

"నీ చెయ్యి తెలియదా నాకు! బాగుంది."

"నా చెయ్యి కాదమ్మగారూ, నూకరత్నానిది. నేను గుమ్మం బయట కూర్చున్నాను." అప్పలకొండ తల వంచాడు. "ఇంకో మాట. సారె రోజు నాకు జ్వరం లేదు. పంతం ఉంది."

"తెలుసు. నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను."

"ఇప్పుడు నేను ఎక్కడున్నా ఇక్కడి పొయ్యి ఆరదు. విశాఖ కొట్టు సంగతి, నా జీతం సంగతి మీరే చెప్పాలి."

"మరి నా సంగతో?" అంది నూకరత్నం వెనక నుంచి.

సుభద్రమ్మగారు పకపకా నవ్వింది. "ఒక్క అరిసె తినిపించి ఇద్దరి జీతాలు పెంచమంటారా!"

"రెండు ఊళ్ళలో తినిపిస్తాం కదమ్మగారూ" అన్నాడు అప్పలకొండ.

దసరాకి విశాఖలో కొట్టు తెరిచి, అప్పలకొండను అక్కడ పెద్ద మేస్త్రిని చేశారు. ఇద్దరి జీతాలూ పెరిగాయి. తెల్లబట్టల్లో నర్సింగు స్కూలుకు బయలుదేరుతూ కుసుమ తండ్రి నుదుటి మీద చెయ్యి వేసి, "లోపలిది కూడా తగ్గింది నాన్నా" అంది.

జీతం పెరగాలంటే, మనం లేకపోతే పని ఆగిపోతుందని భయపెట్టకూడదు. మనం ఉంటే పని పెరుగుతుందని చూపించి, ఆ తర్వాత నోరు తెరిచి అడగాలి.